మార్కెట్ గోడ మీద బొమ్మ వేసే ముందు
విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్ లాంటి పాత కట్టడాన్ని బాగుచేస్తూ గోడ మీద బొమ్మ వేయాలంటే, ముందు ఆ గోడను చేత్తో తడిమి చూడండి. అరచేతికి సున్నం తెల్లగా అంటితే రంగు నిలవదు. గీకి, కడిగి, బాగా ఆరనిచ్చి ప్రైమర్ కొట్టాలి. కొత్త సిమెంటు పూతైతే 28 రోజులు ఆగండి. ఒకసారి నేను తొందరపడి చెమ్మ గోడ మీద వేసిన అరటి గెల మొదటి వానకే పొక్కులు లేచి ఊడిపోయింది. ఇప్పటికీ బాధే.

రంగు, బయటి గోడలకు వాడే అక్రిలిక్ ఎమల్షన్. కింద మూడడుగులు ముదురు రంగు వేసి వదిలేయండి, గంపలు, బస్తాలు రాసుకునేది అక్కడే.

ఏం వేయాలో మాత్రం కూరగాయలమ్మే వాళ్లనే అడగండి. పొద్దస్తమానం ఆ గోడను చూసేది వాళ్లు. ఒక పెద్దావిడ నాతో, "దొండపాదు వెయ్యి నాయనా, నులితీగలు మర్చిపోకు" అంది. వాటికే ఒక పూట పట్టింది.