వానలు ముదరకముందే కాలనీలో దోమల కట్టడి: తీసుకోవలసిన జాగ్రత్తలు

మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు వానలు పడగానే వరంగల్, హనుమకొండ, కాజీపేటలలో ఏ కాలనీలోనైనా దోమల ప్రస్తావన వస్తే అందరూ మోరీనే తప్పుపడతారు. మోరీలో పెరిగేది ఎక్కువగా క్యూలెక్స్ దోమ. అది రాత్రి నిద్ర చెడగొట్టడమే కాక బోదకాలు వ్యాధినీ మోస్తుంది కనుక పూడిక తీయించవలసిందే. అయితే డెంగీ, చికున్‌గున్యాలను తెచ్చే ఏడిస్ ఈజిప్టి దోమ మన ఇంటి లోపల, మిద్దె మీద, పెరట్లో నిలిచిన శుభ్రమైన నీటినే కోరుకుంటుంది, పగటిపూటే కుడుతుంది. కాబట్టి కాలనీ సంఘం బల్దియాకు వినతిపత్రం ఇచ్చే రోజే, సంఘ సభ్యులు తమ ఇళ్లలోని నీటి తొట్లను కూడా ఒకసారి తొంగి చూడడం మంచిది.

గుడ్డు పొదిగి, రెక్కలు వచ్చి దోమ ఎగిరిపోవడానికి వానకాలపు వేడిమిలో సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే (నిల్వ నీటిని పారబోసి పాత్రలను ఆరబెట్టే రోజు) పాటించమని ఆరోగ్య సిబ్బంది చెప్పడంలోని లెక్క ఇదే. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఇళ్లలో డ్రమ్ములు, గోళేలు, సిమెంటు తొట్లు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. పాత నీటి మీదనే కొత్త నీరు పడుతూ ఉంటే అడుగున లార్వాలు (దోమ పిల్లపురుగులు) నిశ్చింతగా పెరుగుతాయి. నీరు పారబోసినంత మాత్రాన పని పూర్తి కాదు. ఏడిస్ తన గుడ్లను నీటి అంచుకు కాస్త పైన తొట్టి గోడకు అంటించి పెడుతుంది, అవి ఎండిపోయిన తరువాత కూడా నెలల తరబడి బతికి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. అందుచేత తొట్టి లోపలి గోడలను పీచుతోనో బ్రష్షుతోనో గట్టిగా రుద్ది కడిగి, ఎండబెట్టిన తరువాతనే నింపాలి. ఎండాకాలం ముగిశాక బాల్కనీలోకి నెట్టేసిన కూలర్‌, ఫ్రిజ్ వెనుక ఉండే చిన్న ట్రే, పూలకుండీల కింది పళ్లేలు, మనీప్లాంట్ సీసాలు, పిట్టల కోసం పెట్టిన నీటి మూకుడు ఎవరి కంటా పడకుండా మిగిలిపోతాయి. పాత టైర్లు, తాగి పారేసిన కొబ్బరి బోండాల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకుల మూతలు సందు లేకుండా బిగిసి ఉండాలి, ఎందుకంటే పట్టణాలలో మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ స్టెఫెన్సీ దోమకు అవే నెలవులు. ట్యాంకు పొంగు గొట్టానికి, సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి సన్నని జాలీ కట్టించాలి. వాడని బావి ఉంటే అందులో లార్వాలను తినే గంబూసియా చేపలను వదలమని ఆరోగ్య సిబ్బందిని అడగవచ్చు. ఖాళీ ప్లాట్లలో ఎత్తిపోయడానికి వీలుకాని నీటి గుంతలలో ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన ఉండలు) వేయించాలి. నూనె పొర ఏర్పడితే లార్వాలకు పైకి వచ్చి గాలి పీల్చుకునే దారి మూసుకుపోతుంది. తాగే నీటిలో మాత్రం ఏ మందునూ సొంతంగా కలపకూడదు.

అసలు చిక్కు తాళం వేసిన ఇళ్లతోను, కడుతున్న ఇళ్లతోను వస్తుంది. ఏడిస్ పుట్టిన చోటి నుంచి సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించి ఎగరదు కనుక, కాలనీలో కుట్టే దోమ ఆ కాలనీలోనే పుట్టి ఉంటుందనుకోవచ్చు. యజమానులు వేరే ఊళ్లలోనో విదేశాలలోనో ఉంటే వానలకు ముందే ఫోన్ చేసి, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తెలుసుకుని మిద్దె, పెరడు చూపించుకోవాలి. మొహమాటపడితే నష్టపోయేది పక్కింటి పిల్లలే. నిర్మాణాలలో లిఫ్టు గుంతను, స్లాబు మీద క్యూరింగ్ కోసం కట్టిన మడులను వారానికి ఒకసారైనా పూర్తిగా ఖాళీ చేయమని మేస్త్రీకి చెప్పాలి. 2023 జూలై చివరిలో వలె కాలనీలు మునిగితే, పారే వరదలో కన్నా వరద తీసిన తరువాత ఇళ్ల చుట్టూ మిగిలే డబ్బాలలో, గుంతలలో దోమలు ఎక్కువ పెరుగుతాయి.

ఫాగింగ్ బండి వచ్చి వెళ్లితే ఏదో జరిగిందన్న తృప్తి కలుగుతుంది గాని, ఆ పొగ ఎగిరే దోమలను మాత్రమే చంపుతుంది, నీటిలోని లార్వాలను తాకదు. పైగా ఏడిస్ మంచాల కింద, వేలాడే బట్టల చాటున దాగి ఉంటుంది. ఫాగింగ్ వేళ సిబ్బంది సూచిస్తే తినే పదార్థాలను కప్పి, ఉబ్బసం ఉన్నవారిని దూరంగా పంపి, తలుపులు, కిటికీలు తెరిచి ఉంచాలి.

పగలు నిద్రపోయే పసిపిల్లలకు, బాలింతలకు పగలే దోమతెర కట్టాలి. బడికి వెళ్లే పిల్లలకు నిండు చేతుల చొక్కా వేయాలి.

జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు వేసుకోకుండా వైద్యుని చూడాలి. డెంగీలో జ్వరం తగ్గే రోజులే ఎక్కువ ప్రమాదకరం: ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే ఏ వేళైనా వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రికో దగ్గరలోని మరో ఆసుపత్రికో తీసుకుపోవాలి. డెంగీ అని తేలితే ఆ సంగతిని దాచకుండా కాలనీ సంఘానికి తెలియజేయాలి, అప్పుడే చుట్టుపక్కల ఇళ్లలోని నీటి తొట్లను ఆ రోజే వెతికించడానికి వీలవుతుంది.