డల్సిమర్ మీద సైలెంట్ నైట్: ‘ని’ అపస్వరం ఎలా పోయిందంటే

అమెరికాలోని అపలాచియన్ కొండల వాద్యం డల్సిమర్ మీద ‘సైలెంట్ నైట్’ అనే క్రిస్మస్ పాట మొదటి వరుస హాయిగా సాగేది, రెండో వరుసలో ‘ని’ రాగానే చెవిలో గుచ్చుకునేది. కారణం ఫ్రెట్లే, అంటే తీగల కింద అడ్డంగా ఉండే మెట్లు. ఇందులో పన్నెండు స్వరస్థానాలూ ఉండవు. తీగల్ని పాశ్చాత్య స్వరాలు డి, ఎ, డి లకి కట్టే డి-ఎ-డి శృతిలో ఆరో ఫ్రెట్ కైశికి నిషాదం (కింది ‘ని’) పలుకుతుంది, పాటకేమో కాకలి (పై ‘ని’) కావాలి. కొత్తవాటికి ఆరున్నర ఫ్రెట్ అని అదనంగా ఒకటి ఉంటుంది, నాది పాత రకం. అందుకని పాట వాయించే తీగని ఎ కి దించి, షడ్జమాన్ని మూడో ఫ్రెట్ దగ్గర పెట్టుకున్నాను, అప్పుడు కాకలి తొమ్మిదో ఫ్రెట్‌లో దానంతటదే దొరికింది. తీగ కాస్త వదులవుతుంది కాబట్టి గట్టిగా మీటకండి. 1818లో ఆస్ట్రియాలో ఈ పాటని మొదట గిటార్‌తోనే పాడారు, మెల్లగా మీటితేనే బాగుంటుందని నా లెక్క. పై స్థాయి ‘మ’ పదమూడో ఫ్రెట్‌లో ఉంటుంది, అక్కడ వేలికి బదులు చిన్న కర్రపుల్లతో నొక్కితే స్పష్టంగా పలుకుతుంది.