కారు మీద ఎండిన చెట్టు బంకను గోకకండి

వేప చెట్టు నీడలో కారు పెట్టేవాళ్లకు ఈ మాట. బానెట్ మీద గట్టిపడిన బంకను గోటితోనో బ్లేడుతోనో గీకితే బంకతో పాటు పెయింట్ మీద రక్షణగా ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్ కూడా దెబ్బతింటుంది. గీత లోతుగా పడితే ఇక పోదు. అసలు వేప బంకకు, తుమ్మ జిగురుకు నీళ్లే మందు. నానితే ఉబ్బి మెత్తబడతాయి. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డను మరక మీద పది నిమిషాలు కప్పి ఉంచండి, ఆరిపోతుంటే మళ్లీ తడపండి. తర్వాత కారు షాంపూ నీళ్లతో మెల్లగా తుడిస్తే జారిపోతుంది.

మామిడి సొన అలా కాదు, అందులో నూనె గుణం ఉంటుంది, ఒట్టి నీళ్లకు లొంగదు. మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదికి అద్ది, అర నిమిషం ఆనించి, ఒత్తకుండా తుడవండి. ముందు డోరు అంచు లోపల కొద్దిగా రాసి చూసుకోండి, రీపెయింట్ చేసిన కారైతే మరీ ముఖ్యం. థిన్నర్ జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి, పెయింటే కరుగుతుంది. ఏది చేసినా నీడలో, రేకు చల్లబడ్డాకే. చివర్లో కడిగి, అక్కడ కాస్త వాక్స్ పట్టించండి, ఆల్కహాల్‌కు పాత వాక్స్ పోయి ఉంటుంది.