మొదటి ల్యాప్‌లో బ్రేక్ కాస్త ముందే తొక్కండి

ఆన్‌లైన్‌లో సిమ్ రేసింగ్, అంటే కంప్యూటర్‌లో నిజం కారు నడిపినట్టే ఉండే రేసు ఆట, ఆడేవాళ్లకు ఒక మాట. మొన్న రాత్రి మా నల్లగొండ ఇంట్లో కూర్చుని ఇటలీలోని మోంజా ట్రాక్ మీద రేసు ఆడాను. ఆరో స్థానంలో మొదలుపెట్టి, మొదటి మలుపు దగ్గర ప్రాక్టీసులో తొక్కిన చోటే బ్రేక్ తొక్కాను. నేరుగా వెళ్లి ముందు కారును గుద్దేశా. తప్పు నాదే.

ఎందుకంటే, ముందు కారు వెనకాల గాలి అడ్డు తక్కువ. మామూలు కన్నా వేగంగా మలుపు దగ్గరికి వచ్చేస్తాం. అదే సమయంలో కారును నేలకు అదిమిపట్టే గాలి బలమూ తగ్గుతుంది, టైర్లింకా వేడెక్కి ఉండవు. అందుకే మొదటి ల్యాప్‌లో ఒక 20, 30 మీటర్ల ముందే బ్రేక్ మొదలుపెడుతున్నా. చూపు కూడా ముందు కారు మీద కాదు, దాని ముందున్న కారు మీద పెడుతున్నా. ఒకటి రెండు స్థానాలు పోతే పోనీ, రేసు మిగులుతుంది.

ఇంకోటి, యూపీఎస్‌కి కంప్యూటర్‌తో పాటు రౌటర్ కూడా తగిలించండి. మిర్యాలగూడలో బాబాయి వాళ్లింట్లో కరెంటు పోయినప్పుడు నా కంప్యూటర్ భేషుగ్గా వెలుగుతూనే ఉంది, నెట్ మాత్రం పోయింది. అప్పుడు మూడో స్థానంలో ఉన్నా!