ఇంగ్లిష్ పాఠాలు – 14: ‘ఓన్లీ’ ఎక్కడ పెట్టాలి?

పోయిన పాఠంలో ‘ఈవెన్’ చూశాం. ఇవాళ ‘ఓన్లీ’.

మద్దిలపాలెం బస్టాండులో నిలబడి ఫోన్లో ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ అంటుంటాం. మనసులో ఉన్నది ‘ఇక్కడే ఉన్నాను’. చిక్కంతా ఆ ‘ఏ’తోనే. తెలుగులో అది రెండు పనులు చేస్తుంది. ‘రెండు ఇడ్లీలే తిన్నాను’ అంటే లెక్కకు హద్దు పెడుతుంది. ‘ఇక్కడే ఉన్నాను’ అంటే మాటను నొక్కి చెబుతుంది, అంతే. ‘ఓన్లీ’ చేసేది మొదటి పని. రెండోదానికి ‘ఐ యామ్ రైట్ హియర్’ అనండి.

అనుమానం వస్తే ‘ఏ’ తీసి ‘మాత్రమే’ పెట్టి చూడండి. ‘రెండు ఇడ్లీలు మాత్రమే తిన్నాను’ కుదిరింది, కాబట్టి ‘ఓన్లీ’ సరే. ‘ఇక్కడ మాత్రమే ఉన్నాను’ పొసగదు. ఈ పరీక్షకు లొంగనిది ఒకటుంది: ‘నిన్ననే వచ్చాను’. ఇంకా ఎన్నాళ్లో కాలేదన్న అర్థంలో ‘ఐ కేమ్ ఓన్లీ ఎస్టర్‌డే’ అనొచ్చు, తప్పు కాదు.

ఇక చోటు సంగతి. అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి.

‘ఓన్లీ షి బాట్ ఫిష్ ఎట్ ద హార్బర్’: ఆవిడొక్కర్తే కొంది.
‘షి బాట్ ఓన్లీ ఫిష్ ఎట్ ద హార్బర్’: చేపలే కొంది, రొయ్యల జోలికి పోలేదు.
‘షి బాట్ ఫిష్ ఓన్లీ ఎట్ ద హార్బర్’: పూర్ణా మార్కెట్లో కొనలేదు.

మాట్లాడేటప్పుడు ఇంగ్లిష్‌వాళ్లు ‘షి ఓన్లీ బాట్ ఫిష్’ అని క్రియకు ముందే పెట్టేసి, తేడాను గొంతుతో చూపిస్తారు. కాగితం మీద గొంతు వినపడదు. అందుకే రాసేటప్పుడు దేనికి హద్దు పెడుతున్నారో దాని ముందే ఉంచండి.

వాక్యం మొదట్లోకి తెస్తే ఇంకో మెలిక. సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కరోజే, అక్షయ తృతీయ నాడు. ‘యూ కెన్ సీ ఇట్ ఓన్లీ ఆన్ అక్షయ తృతీయ’ మామూలు వరస. ముందుకు తెస్తే ‘ఓన్లీ ఆన్ అక్షయ తృతీయ కెన్ యూ సీ ఇట్’. ప్రశ్నలోలాగా ‘కెన్’ ముందుకొచ్చింది చూడండి. ‘కెన్’ లాంటిది లేని వాక్యంలో ‘డూ, డజ్, డిడ్’లలో ఒకటి తెచ్చుకోవాలి: ‘ఓన్లీ దెన్ డిడ్ ఐ అండర్‌స్టాండ్’. కర్తకే ‘ఓన్లీ’ తగిలితే మాత్రం వరస మారదు. పైన ‘ఓన్లీ షి బాట్’ అలాగే ఉంది కదా.

ఇంగ్లిష్‌లోకి మార్చండి:
గాజువాకలోనే ఉంటున్నాం.
రెండు టికెట్లే ఉన్నాయి.
వాన తగ్గాకే పడవలు బయల్దేరాయి.

మొదటిదానికి రెండు అర్థాలున్నాయి, రెండూ రాయండి. మూడోదాన్ని ‘ఓన్లీ ఆఫ్టర్’తో మొదలుపెట్టండి. అందులో ‘డిడ్’ వానకు తగలదు, పడవల దగ్గర వస్తుంది.