వరిలో విత్తనపు కంకులు ఎలా ఏరుకోవాలి

కోతల ముందు మా ఆమదాలవలస వైపు చాలామంది గట్టు పక్కన దుబ్బుగా లేచిన కుదురు చూసి, ఆ కంకుల్నే విత్తనానికి కోసుకుంటారు. మా చిన్నాన్నతో ఏటా నాకిదే వాదన. గట్టు వారన మొక్కకు ఎండా ఎరువూ ఎక్కువ అందుతాయి కాబట్టి అన్ని పిలకలు, అంటే మొదట్లోంచి లేచే పక్క కాండాలు, వేసింది. దాని విత్తనం మడి మధ్యలో ఊడిస్తే మిగతావాటిలాగే వస్తుంది.

పిలక మొగ్గ పుట్టాలంటే జన్యువు కావాలి. మాక్1 అనే జన్యువు చెడితే వరి మొక్క ఒంటి కాండంతోనే ఉండిపోతుందని చైనా శాస్త్రవేత్తలు 2003లో చూపించారు. పుట్టిన మొగ్గని పెరగనివ్వాలా, ఆపాలా అన్నది స్ట్రైగోలాక్టోన్ అనే హార్మోను చేతిలో ఉంటుంది. నేలలో భాస్వరం తగ్గితే వేర్లు ఈ హార్మోన్ని ఎక్కువ తయారుచేస్తాయి, పిలకలు ఆగిపోతాయి. భాస్వరం మొత్తం ఆఖరి దమ్ములోనే వేయమని నేను గట్టిగా చెప్పేది అందుకే.

పిలకలు ఎక్కువైతే దిగుబడి పెరుగుతుందనీ లేదు. 2010లో వెల్లడైన ఐపిఎ1 జన్యువులో ఒక రూపం ఉన్న వరికి పిలకలు తక్కువ, కాండం లావు, కంకికి గింజలు ఎక్కువ. గింజ పొడవును జిఎస్3, వెడల్పును జిడబ్ల్యు2 నియంత్రిస్తాయి. మనం వాటిని కంటితో చూడలేం, కంకిని చూడగలం.

పూత దశలో చేనంతా తిరిగి కేళీలు, అంటే మన రకానికి చెందని మొక్కలు, పీకేయండి: మరీ ఎత్తుగా ఉన్నవి, ముందే పూతకొచ్చినవి, గింజ రంగు తేడాగా ఉన్నవి. శ్రీకాకుళం సన్నాల్లాంటి స్వచ్ఛమైన రకంలో మన ఏరివేత వల్ల ముఖ్యంగా దక్కేది ఈ శుభ్రతే, కొత్త జన్యువులేవీ పుట్టవు.

పంట పండాక గట్టు నుంచి బాగా లోపలికి వెళ్లండి. కాలిబాటల పక్కవి, ఖాళీల పక్కవి వదిలేయండి. కుదురులో పిలకలన్నీ ఇంచుమించు ఒకేసారి పండాయా చూడండి. కొన్ని ఇంకా పచ్చిగా ఉంటే అవి ఆలస్యంగా పుట్టిన పిలకలు, వాటి కంకులు వద్దు. తర్వాత కంకి అడుగు కొమ్మల గింజలు గోటితో నొక్కండి. పాలు చివర్లో పోసుకునేవి అవే కాబట్టి, అవి గట్టిగా ఉంటే పైవాటికి ఢోకా లేదు.

నూర్చాక తేమ 13 శాతానికి దిగేదాకా ఆరబెట్టి దాచండి. విత్తే ముందు ఉప్పునీటిలో పోసి, తేలిన తాలు తీసేసి, మునిగినవి మంచినీళ్లతో బాగా కడగండి.

హైబ్రిడ్ వరి వేసినవాళ్లు మాత్రం ఏ కంకీ దాచొద్దు. మరుసటి తరంలో జన్యువులు విడిపోయి చేను ఎగుడుదిగుడుగా వస్తుంది.