డిఫరెన్షియల్ కౌంట్ చదివే ముందు గుణించండి

రక్తపరీక్ష రిపోర్టులో తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతమో చెప్పే డిఫరెన్షియల్ కౌంట్ కంటపడగానే ఏది పెరిగింది, ఏది తగ్గిందని వెతుకుతాం. ముందు చూడాల్సింది తెల్లకణాల మొత్తం సంఖ్య. పెద్దవాళ్లకు మైక్రోలీటరుకు సుమారు 4,000 నుంచి 11,000 దాకా మామూలే. దాన్ని శాతంతో గుణించి 100తో భాగిస్తే ఏ రకం కణాలు నిజంగా ఎన్నున్నాయో తెలుస్తుంది.

మొత్తం 2,800, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం 30 శాతం, లింఫోసైట్లు అనే రకం 60 శాతం అనుకుందాం. లింఫోసైట్లు పెరిగాయనిపిస్తుంది. లెక్క కడితే అవి 1,680, సరిపడానే ఉన్నాయి. పడిపోయినవి న్యూట్రోఫిల్స్: 840. ఇవి 1,500 కంటే తగ్గితే తక్కువగా లెక్క. 500 లోపుండి జ్వరం కూడా వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

తర్వాత, జబ్బు మొదలై ఎన్ని రోజులైందో చూడండి. కణాలన్నీ ఒకేసారి రంగంలోకి దిగవు. బ్యాక్టీరియా చొరబడిన చోట ముందే కాపుకాస్తున్న, సూక్ష్మజీవుల్ని మింగే మాక్రోఫేజ్‌లు రసాయనాలతో కబురు పంపుతాయి. గంటల్లోనే న్యూట్రోఫిల్స్ రక్తనాళాల గోడ దాటి వచ్చి సూక్ష్మజీవుల్ని మింగి, తామూ చస్తాయి. చీములో ఎక్కువభాగం అవే. అవసరం మరీ పెరిగితే ఎముక మజ్జ ఇంకా ముదరనివాటిని కూడా పంపేస్తుంది. రిపోర్టులో ‘బ్యాండ్ సెల్స్’ అని రాసేది వాటినే. వెనకాలే మోనోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు వచ్చి మాక్రోఫేజ్‌లుగా మారి ఆ చెత్తంతా శుభ్రం చేస్తాయి.

ఈలోగా డెండ్రైటిక్ కణాలు సూక్ష్మజీవి ముక్కల్ని లింఫు గ్రంథికి మోసుకెళ్లి టి కణాలకు (ఇవి ఒక రకం లింఫోసైట్లు) చూపిస్తాయి. ఆ ముక్కనే గుర్తుపట్టగల టి కణాలు చాలా కొద్ది. అవి దొరకాలి, వేల సంఖ్యలో పెరగాలి, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలకు (ఇవీ లింఫోసైట్లే) తోడ్పడాలి. అందుకే తొలిసారి సోకినప్పుడు యాంటీబాడీలు రావడానికి దాదాపు వారం పడుతుంది. రెండోరోజు చేయించిన యాంటీబాడీ పరీక్ష నెగెటివ్ వచ్చిందని జబ్బు లేదనుకోవడం పొరపాటు. లింఫోసైట్ల సంఖ్య మామూలుగా ఉందని అవి ఖాళీగా ఉన్నాయనీ అనుకోవద్దు: శరీరంలోని లింఫోసైట్లలో రక్తంలో తిరిగేవి సుమారు 2 శాతమే.

ఇసినోఫిల్స్, బేసోఫిల్స్ కూడా తెల్లకణాలే. ఇసినోఫిల్స్ 500 దాటితే అలర్జీ, ఉబ్బసం, కడుపులో పురుగులు, ఏదైనా మందు పడకపోవడం వంటివి ఆలోచించాలి. బేసోఫిల్స్ ఎప్పుడూ కొద్దిగానే ఉంటాయి, సున్నా అని ఉన్నా కంగారు అక్కర్లేదు.

రిపోర్టును తప్పుదారి పట్టించేవి కొన్నున్నాయి. స్టెరాయిడ్ మందులు వాడితే రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ ప్రవాహంలోకి వచ్చి, ఇన్‌ఫెక్షన్ లేకున్నా సంఖ్య పెరుగుతుంది. నాలుగైదేళ్ల లోపు పిల్లల్లో లింఫోసైట్లే ఎక్కువ, అది సహజం. సంఖ్యకూ మనిషి పరిస్థితికీ పొంతన లేకపోతే రక్తపు స్లైడును మైక్రోస్కోపు కింద చూడమని అడగండి. కేంద్రకం ఉన్న ఎర్రకణాల్నీ, ప్లేట్‌లెట్ల గుంపుల్నీ యంత్రం ఒక్కోసారి తెల్లకణాలుగా లెక్కపెడుతుంది.